ఇద్దరికీ ఒకటో నంబరే

మొన్న మురమళ్ళ దగ్గర నా మర్యాద రెండు చెరువుల రొయ్యల ప్రాణాల మీదికి తెచ్చింది. వినండి మరి.

నా పని చెరువుల్లో ఆక్సిజన్ సెన్సర్లు బిగించడం. ఆక్సిజన్ తగ్గితే సెన్సర్ చెబుతుంది, గట్టుమీది కంట్రోల్ బాక్స్ ఆ చెరువులో నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పుతుంది. సెన్సర్లన్నీ ఒకే కేబుల్ మీద ఉంటాయి కాబట్టి ఒక్కోదానికీ ఒక్కో నంబరివ్వాలి. బాక్స్ ఏ నంబరునడిగితే అదే పలకాలి, మిగతావి నోరు మూసుకోవాలి. మోడ్‌బస్ అని పెద్ద పేరు గానీ, ఉన్నదింతే.

చెరువులు సత్యానందం గారివి, ఆయన బావమరిది ప్రకాశం గారివి. పక్కపక్కనే. ఖర్చు కలిసొస్తుందని ఇద్దరూ ఒకే బాక్స్ పెట్టించుకున్నారు. నేను ల్యాప్‌టాప్ తెరిచి, సత్యానందం గారిది ఒకటి, ప్రకాశం గారిది రెండు అన్నాను. ప్రకాశం గారి మొహం మాడిపోయింది. చెరువు ముందు తవ్వించింది తనేనట. సత్యానందం గారు తను బావనని గుర్తు చేశారు. ఇద్దరూ తువ్వాళ్ళు దులిపి భుజాన వేసుకునేసరికి ఇక గొడవ తప్పదనిపించింది.

"ఇద్దరికీ ఒకటో నంబరే ఇస్తానండి" అనేశాను.

"ఆయ్, అదండీ పద్ధతి" అన్నారిద్దరూ.

ఒక్కో సెన్సర్నీ విడివిడిగా బాక్సుకి తగిలించి చూస్తే దివ్యంగా పనిచేసింది. రెండూ కలిపి చూసేలోపు భోజనానికి రమ్మన్నారు. చేపల పులుసు. కాదంటే బాగుండదని వైర్లు బిగించేసి, ఇక నిశ్చింతగా ఉండండని చెప్పి, వెళ్ళి కూర్చున్నాను.

మర్నాడు తెల్లారేసరికి ఫోన్. రొయ్యలు గాలాడక నీటిపైకి వచ్చేస్తున్నాయి, ఏరియేటరొక్కటీ తిరగడం లేదు. స్విచ్చులు చేత్తో వెయ్యమని చెప్పి బండెక్కాను. వెళ్ళి చూస్తే ఏముంది, బాక్స్ ఒకటో నంబరుని పిలిస్తే రెండూ ఒకేసారి పలుకుతున్నాయి. బాక్సుకి ఒక్క ముక్కా అర్థంకాక ఊరుకుంది. పంట పోతే ఆ రెండిళ్ళవాళ్ళకీ నా మొహం ఎలా చూపించాలో తెలీక గట్టుమీదే నిలబడి నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయాను. చేత్తో వేసిన ఏరియేటర్లు తిరగ్గా తిరగ్గా కాసేపటికి రొయ్యలు మళ్ళీ కిందికి దిగాయి, నా ప్రాణం లేచొచ్చింది.

జరిగిందంతా చెప్పాను. సత్యానందం గారు తాపీగా విన్నారు.

"ముందే చెప్పొచ్చు కదండీ. రొయ్యల కంటే నంబరెక్కువా? నాకు రెండో నంబరిచ్చెయ్యండి" అన్నారు.

నిమిషంలో అయిపోయింది.

సాయంత్రం మా మేనేజరు పిలిచాడు. సత్యానందం గారు ఫోన్ చేశారట. పల్లెత్తు మాటనలేదట.

"మీ ఇంజనీరు గారు చాలా మర్యాదస్తులండి. ఈసారి కాస్త మర్యాద తక్కువున్నోణ్ణి పంపండి" అన్నారట.