జేజి చెవుల కోసం కుక్కకు పెట్టిన బడి

నా జన్మలో నేను చదువు చెప్పింది ఒకే ఒక్క శిష్యుడికి. అది జానెడు కుక్క. నేను నేర్పింది నేర్పినట్టే నేర్చుకుంది, అందుకే నా కొంప మునిగింది. కడుపు పట్టుకుని నవ్వే అలవాటున్న వాళ్ళు ఇప్పుడే పట్టుకోండి.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులు. జమ్మలమడుగులో మా నాయన తల్లి ఒంటరిగా ఉండేది. మేము జేజి అనేవాళ్ళం. చెవులు పూర్తిగా పోయాయి, ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టేసేది. ఒకరోజు ప్రొద్దుటూరు నుంచి నేను, పులివెందుల నుంచి చిన్నాయన ఆమెను చూడవచ్చాం. చిన్నాయన గొళ్ళెం కొట్టి కొట్టి విసిగిపోయి గోడ దూకాడు. జేజి దొంగనుకుని చేటతో వీపు వాయించింది.

"ఇంగ నువ్వొక్కదానివే ఈడ ఉండేది లేదు. తాళమేసి పులివెందులకు వచ్చేయ్" అన్నాడు చిన్నాయన వీపు రుద్దుకుంటూ.

"నా ఇల్లు ఇడిసి నేను యాడికీ రాను" అంది జేజి. ఎప్పుడూ ఖంగుమనే గొంతు ఆరోజు వణికింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఎస్సెల్సీ తప్పి, ఉగాది దాటగానే ప్రొద్దుటూరులో బట్టలంగట్లో చేరబోతున్న మేధావిని నేను. ఊరుకోవచ్చు కదా! "చిన్నాయనా, గొళ్ళెం చప్పుడైతే జేజి కొంగు పట్టి లాగేటట్ల కుక్కకు నేర్పిస్తా. తెల్లోళ్ళ దేశాల్లో గుడ్డోళ్ళను కుక్కలే నడిపిస్తాయంట" అన్నాను.

"నీకే చదువు రాలా, కుక్కకు చెప్తావా? సరే, ఉగాదికి వస్తా. అది ఆమెకు చెప్పిందా, ఆమె ఈడనే. లేదంటే మూట కట్టాల్సిందే."

వీధిలో దొరికిన కుక్కపిల్లకు సిపాయి అని పేరు పెట్టి బడి మొదలుపెట్టాను. చదువు సాగనిస్తే కదా! ఇంటికి రమ్మని అమ్మ ప్రొద్దుటూరు నుంచి కబురు మీద కబురు పెట్టేది. పులివెందుల నుంచి చిన్నమ్మేమో, ఆరబోసిన శనక్కాయల మీదికి మేకలు రాకుండా కాసేదీ నేర్పమని చెప్పి పంపింది. ఇక జేజి సంగతి చెప్పనక్కర్లేదు.

"కుక్క కొంగు పీకతాంటే నేను కూచోవాల్నా? సంగటి ఎవురు కెలకాల? నువ్వు పోయి నీళ్ళు తేపో!"

ఏం చేస్తాను? నేనే ఆమె పాత చీర చుట్టుకుని కూర్చున్నాను. గొళ్ళేనికి దారం కట్టి లోపల్నుంచి లాగేవాణ్ణి. సిపాయి వచ్చి నా కొంగు పట్టగానే బెల్లం ముక్క పెట్టేవాణ్ణి. కొద్దిరోజుల్లోనే అది చప్పుడు వినగానే దూసుకొచ్చేది. నా అంతటి గురువు కడప జిల్లాలో లేడని మురిసిపోయాను.

ఉగాదికి చిన్నాయన, చిన్నమ్మ దిగారు. జేజి వాకిలికి వీపు పెట్టి శనక్కాయలు ఒలుస్తోంది. నేను కొత్త పంచెలో ఎదురుగా కూర్చున్నాను. చిన్నాయన చప్పుడు చేయకుండా బయటికి జారుకుని తలుపు మూసి, గొళ్ళెం కొట్టాడు.

సిపాయి లేచింది. జేజి ఒళ్ళో చేట మీదుగా ఎగిరి, సూటిగా వచ్చి నా పంచె పట్టింది!

"ఒరే సిపాయీ, నేను కాదు, జేజి! ఆ పక్కకు పో!"

బెల్లం ఆలస్యమైందనుకుందో ఏమో, ఇంకా గట్టిగా లాగింది. పంచె దాని నోట్లోకి పోయింది. లోపల నిక్కరుండబట్టి వంశం పరువు నిలిచింది. చిన్నమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. నేను గాదె చాటుకు పరుగెత్తాను. జేజి పులివెందుల బస్సెక్కినట్టేనని ఏడుపొచ్చింది.

జేజి తలెత్తి నన్నూ, పంచెనూ, కుక్కనూ చూసింది. చేట పక్కన పెట్టి, నేరుగా వెళ్ళి తలుపు తీసింది.

"రా నాయనా, ఎంతసేపని కొడతావు? చెయ్యి నొయ్యదా?"

చిన్నాయన నోరు తెరిచాడు. "నీకెట్ల తెలిసెమ్మా?"

"ఇన్నాళ్ళూ వీళ్ళ బడి చూస్తానే ఉండా. గొళ్ళెం కదిల్తే అది వీని మీద పడతాది. వీడు పరిగెత్తినాడంటే తలుపు కాడ ఎవురో వచ్చినట్లే!"

నా బడిలో నిజంగా చదువుకున్నది ఆమే. ఆ తెలివికి ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాను.

"సరేమ్మా, నువ్వీడనే ఉండు. కుక్క పాసు" అన్నాడు చిన్నాయన.

"కుక్క ఒక్కటే ఉంటే చాల్దురా" అంది జేజి. "అది వీన్ని తప్ప ఎవుర్నీ లాగదు. వీన్ని గూడా ఈడనే ఇడిసిపో."

ప్రొద్దుటూరులో నా కొలువు ఇంకొకడికి పోయింది. ఆపైన ఎవరు గొళ్ళెం కొట్టినా సిపాయి నన్ను లాగేది, నేను లేచి తలుపు తీసేవాణ్ణి. ఆ ఇంట్లో తర్ఫీదు పొందిన జంతువు ఎవరో మీరే తేల్చండి. కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో కుక్కకు గానీ, పిల్లికి గానీ, నేను లేకపోతే జరగని పని నేర్పను.