గట్టు మీది గరాటు గూళ్ళు

పొద్దున్నే మా బందరు అపార్ట్‌మెంటు గడ్డిలో మంచుకు తడిసిన సాలెగూళ్ళు కనిపించాయి. పలచటి గుడ్డ పరిచినట్టు గూడు, ఒక మూల గరాటులాంటి కన్నం, అందులో గోధుమరంగు సాలీడు. ఇది తోడేలు సాలీళ్ళ జాతిదే. ఆ జాతివి చాలావరకు పరుగెత్తి వేటాడతాయి. ఈ రకం మాత్రం గూడు అల్లుకుని గుమ్మంలో కాపు కాస్తుంది.

మా అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శిగారు చూసి, "ఛీ, మందు కొట్టించాలండీ" అన్నారు. వెంటనే మా బాబాయి గుర్తొచ్చాడు.

చేల పక్కన పెరిగినవాళ్ళు ఈ గూళ్ళను మర్చిపోయి ఉండరు. చీమను వేస్తే సాలీడు చటుక్కున వచ్చి లాక్కుపోయేది, గుర్తుందా? నా చిన్నప్పుడు బంటుమిల్లి దగ్గర మా చేల గట్ల నిండా అవే. పురుగుమందుల షాపులో ఒక పూట కూర్చుని వచ్చిన బాబాయి, ఏకంగా శాస్త్రవేత్త అయిపోయి స్ప్రేయర్ వీపున తగిలించుకున్నాడు.

"ఒరేయ్, అవి పైరుకి పట్టే దోమని తింటాయిరా. వాటి జోలికెళ్ళకు" అంది నాన్నమ్మ.

"నీకేం తెలుసమ్మా? పురుగంటే పురుగే!"

గట్లూ చేనూ వదలకుండా కొట్టాడు. మర్నాటికి సాలీళ్ళన్నీ కాళ్ళు ముడుచుకుని చచ్చిపోయాయి. నెల తిరక్కుండా సుడిదోమ దిగి, పొట్ట మీదున్న వరి మచ్చలు మచ్చలుగా ఎండిపోయింది. ఆ మహానుభావుడు గట్టు మీద నిలబడి, "మందు చాల్లేదు" అన్నాడు! పదేళ్ళ పిల్లని, నాకే ఒళ్ళు మండింది.

ఆ ఏడు మా ఇంట్లో మొదటిసారి కొన్న బియ్యం వండారు. నాన్నమ్మ బాబాయికే ముందు వడ్డించింది.

"తిను నాయనా. సాలీళ్ళని బతకనిచ్చినోళ్ళెవరో పండించారు."