సముద్రం మీద నా ఒప్పుకోలు

ఇరవై నాలుగేళ్ల వయసులో ధైర్యం అంటే యూనిఫాం అనుకునేవాణ్ణి. మా నాన్న రాయచూరు దగ్గర థర్మల్ ప్లాంటులో ఫిట్టరు. ఆ కాలనీ నుంచి పైలట్ అయిన మొదటివాణ్ణని, సెలవుకెళ్తే చిక్కసూగూరు బస్సులో కూడా భుజాన చారలున్న పైలట్ చొక్కా విప్పేవాణ్ణి కాను (కండక్టరు టికెట్ మాత్రం కొట్టేవాడు). అప్పుడు నేను పార్సిళ్లు మోసే చిన్న విమానంలో రెండో పైలట్‌ని. మా కెప్టెన్ సింధనూరు దగ్గర వరి పండించే కోస్తావాళ్ల కుటుంబం మనిషి. జిల్లా ఒకటే కావడంతో నన్ను తమ్ముడిలా చూసేవారు.

ఒక మధ్యాహ్నం మద్రాసు నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తున్నాం. అమ్మ కట్టిచ్చిన బెల్లం బొరుగుల ఉండలు రెండు తిని, అదే చేత్తో మాట్లాడే బటన్ నొక్కి, మేమెక్కడున్నామో చెప్పాను. జవాబు లేదు. మళ్లీ చెప్పాను. గరగర కూడా లేని నిశ్శబ్దం. రెండో రేడియోకి మారినా అంతే. కింద చూస్తే నీళ్లు, నీళ్లు, ఇంకా నీళ్లు.

"ఏంది సార్, గిట్లయింది?"

"ఏవుంది? రేడియో పోయింది, రెక్కలు పోలేదుగా! రేడియో పోయిందని రాడారుకి తెలిపే నంబరు పెట్టు. కాగితం మీద రాసిచ్చిన దారి, ఎత్తు, టైము, మూడూ తప్పకు. విన్నా వినకపోయినా మన జాడ చెప్తూనే ఉండాలి," అన్నారాయన, పొలంలో నీళ్లకి మడవ తిప్పుతున్నంత తాపీగా.

చెప్పినవన్నీ చేశాను గానీ నోరు అదుపు తప్పింది. "సార్, నాకు ఈత రాదు! దరఖాస్తుల వస్తదని రాసిన. ఝూట్ సార్! కృష్ణా నది ఇంటి పక్కనే ఉన్నా మోకాళ్ల దాంక గూడ దిగలె. మాయమ్మకు ఏం జెప్తరు సార్?"

కెప్టెన్ నవ్వలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "నేనున్నాగా అబ్బాయ్," అన్నారు. అంతలో ఆయన చూపు నా బటన్ మీద పడింది. అది లోపలికి నొక్కుకుపోయి ఉంది. అలా ఉన్నంతసేపూ మన మాట బయటికి పోతుంది గానీ ఎవరి మాటా మనకి రాదు. గోటితో లేపారు. బెల్లం పాకం తీగ సాగింది.

టక్కున రేడియో ప్రాణం పోసుకుంది. మాకు ముందు పోతున్న ప్రయాణికుల విమానం పైలట్, శుద్ధమైన తెలుగులో: "అయ్యా, పది నిమిషాల నుంచి మీరు తప్ప ఎవరూ మాట్లాడలేకపోతున్నాం. మీ జాడ అందరికీ తెలిసింది. ఈత సంగతి కూడా."

కెప్టెన్ పగలబడి నవ్వారు. దిగాక మాత్రం నవ్వు ఆపి, "జరిగింది జరిగినట్టు రిపోర్టు మనమే రాద్దాం," అని, నా తప్పు కింద ముందు తన సంతకం పెట్టారు. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. కంపెనీవాళ్లు నెల రోజులు విమానం ఎక్కొద్దన్నారు, ఈత నేర్చుకుని రమ్మన్నారు. ఆ నెలంతా కెప్టెనే సెలవు పెట్టుకుని, సింధనూరు కాలవలో నా పొట్ట కింద చెయ్యి పెట్టి తేలించారు. గట్టు పక్క పొలంలో నాట్లేసే ఆడవాళ్లు, "విమానం నడిపేవోడంట, చూడండే!" అని నవ్వుకునేవాళ్లు.

ఇప్పుడాయన లేరు. నాకూ జుట్టు తెల్లబడింది. ఎక్కడ నీళ్లలో దిగినా మొదటి క్షణం ఆ చెయ్యి కోసం పొట్ట కింద వెతుక్కుంటాను. ఆ తర్వాతే, ఈ ముసలి పైలట్‌కి ఈత వచ్చునని గుర్తొస్తుంది.