ఏడు తర్వాత 'ఆయ్'

దయ్యాలూ భూతాలూ అంటే నాకు చిన్నప్పటినుంచీ నమ్మకం లేదు. తెనాలిలో మా మేనత్త ఇంట్లో అందరూ భయపడే వెనక గదిలో చాప వేసుకుని హాయిగా నిద్రపోయిన మనిషిని. నాకు భయమంటూ ఉంటే అది ఒక్కదానికే, పని మధ్యలో సర్వర్ పడిపోవడానికి. నేను చెప్పేది విని 'పాపం, ఈవిడకి పని ఒత్తిడి ఎక్కువైంది' అనుకుంటారేమో, అనుకోండి. మొదట నేనూ అదే అనుకున్నాను.

అమలాపురంలో ఒక బ్యాంకు శాఖలో వ్యాపార రుణాలు చూస్తాను. ఎవరైనా మెషీను కొనుక్కోవడానికి అప్పు ఇస్తే, ఆ మెషీను మాకు తాకట్టులో ఉందని ప్రభుత్వ వెబ్‌సైటులో నమోదు చేయాలి. అంతకంటే ముందు, అది ఇంకెవరికైనా తాకట్టులో ఉందేమో అక్కడే వెతకాలి. మెషీను మీదుండే నంబరు కొట్టి వెతుకుతాం. ఒక్క అక్షరం తేడా వచ్చినా 'రికార్డు లేదు' అని చూపిస్తుంది. హమ్మయ్య అనుకుని డబ్బు ఇచ్చేస్తాం. తర్వాత అసలు హక్కున్నవాళ్లు వచ్చి మెషీను పట్టుకుపోతే నోరు తెరుచుకుని చూడాల్సిందే.

అందుకే ఈ పని ఎప్పుడూ ఇద్దరం కూర్చుని చేస్తాం. నేను ఒక్కో అక్షరం పైకి అంటూ టైపు చేస్తాను. మా క్లర్కు కరుణ బిల్లు చేతిలో పట్టుకుని, సరిపోతే సరే అంటుంది. సరే అంటే నాకింత బాధ ఉండేది కాదు. కరుణది రాజోలు. 'ఆయ్' అంటుంది.

ఈ కోనసీమలో అవుననడానికీ 'ఆయ్', విన్నాననడానికీ 'ఆయ్', ఫోను పెట్టేసేముందు కూడా 'ఆయ్'. మర్యాదే, కాదనను. కానీ ఇంగ్లిషు అక్షరాలు కొట్టేవాళ్ల చెవిలో అది 'ఐ' అని పడుతుంది. నేను ఇక్కడికి బదిలీ మీద వచ్చిన కొత్తలో ఒక రైసుమిల్లు మెషీను నంబరులో అలాగే ఐలు ఎక్కించేశాను. అవి సరిదిద్దుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అసలు విషయానికొస్తాను. దగ్గర్లో నగరం అనే ఊళ్లో వీర్రాజు గారని, కొబ్బరి పీచు తీసే చిన్న యూనిట్ నడుపుతారు. పాత మెషీను అరిగిపోయింది. కొత్తపేట దగ్గర ఎవరో సెకండ్‌హ్యాండ్ మెషీను అమ్ముతున్నారని తెలిసి, దానికోసం మా దగ్గర అప్పుకి వచ్చారు. హామీగా ఉన్న ఒక్క ఇల్లూ పెట్టారు. ఆ ఇల్లు ఆయన భార్య సత్యవతి గారి పేరున ఉంది. సంతకం పెడుతూ ఆవిడ నా మొహంలోకి చూసి, "మా ఇల్లు పోదు కదండీ?" అన్నారు. అన్నీ చూసుకునే ఇస్తామండీ అన్నాను. అందరికీ చెప్పే మాటే అది.

డబ్బు విడుదల చేయాల్సిన రోజు, భోజనాల వేళ, చివరిసారి వెతుకుదామని నేనూ కరుణా కూర్చున్నాం. నంబరు చాలా చిన్నది. కే, డీ, నాలుగు, ఏడు, ఆరు, ఒకటి, రెండు. అంతే. ఏడు కొట్టగానే 'ఆయ్' వినిపించింది, వెంటనే మళ్లీ 'ఆయ్'. రెండోసారి ఐ అంటోంది కాబోలనుకుని ఐ కొట్టేశాను. కరుణ తెర చూసి, "బిల్లులో ఐ లేదండీ మేడమ్ గారూ" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇకమీదట ఈ గదిలో ఆ మాట వినిపించకూడదు, 'కరెక్ట్' అను అన్నాను. కరుణ మూతి ముడుచుకుంది గానీ ఒప్పుకుంది. మళ్లీ మొదలుపెట్టాం. కే అంటే కరెక్ట్. డీ, కరెక్ట్. నాలుగు, కరెక్ట్. ఏడు, కరెక్ట్.

'ఆయ్.'

"చెప్తే బుర్రకెక్కదా నీకు?" అని కసిరాను.

"అయ్యో, నేననలేదండీ! మీరే నన్ను ఆట పట్టిస్తన్నారనుకున్నాను."

అంటే తనకీ వినిపించింది. లేచి చూశాను. నా గదికి మూడువైపులా అద్దాలు. బయట హాల్లో ఎవరూ లేరు, అందరూ క్యారేజీలు తీసుకుని లోపలికి వెళ్లారు. మా ఇద్దరి ఫోన్లలోనూ కాల్ ఏదీ నడవడం లేదు. కరుణ ముఖం పాలిపోయింది. నాకు మాత్రం భయం వేయలేదు, ఒళ్లు మండింది. తనని బయటికి పంపి తలుపు వేసుకున్నాను. ఒక్కదాన్నే కూర్చుని, నాకు నేనే పైకి చదువుకుంటూ కొట్టాను.

ఏడు దాటగానే 'ఆయ్' అని మళ్లీ వినిపించింది. ఈసారి స్పష్టంగా, నా ఎడమ భుజం దగ్గర. పెద్దవయసు మగగొంతు. బెదిరింపు లేదు, తొందర లేదు. మన మాట వింటూ పక్కన కూర్చున్నాయన నెమ్మదిగా ఊ కొట్టినట్టుంది.

"ఏమిటండీ బాబూ మీ గోల!" అని ఖాళీ గదిలో అరిచాను. వేలు అప్పటికే ఐ మీద పడిపోయింది. చెరిపే ఓపిక కూడా లేదు. మిగతా అంకెలు కొట్టేసి, రికార్డు లేదని వస్తే పీడ వదులుతుందని సెర్చ్ నొక్కాను.

రికార్డు వచ్చింది. కొబ్బరి పీచు మెషీను. అదే కంపెనీ, అదే మోడలు. అమ్ముతున్నాయన పేరే. వేరే జిల్లాలో ఒక ఫైనాన్సు సంస్థకి తాకట్టులో ఉంది, అప్పు ఇంకా తీరలేదు.

డబ్బు ఆపేసి, వీర్రాజు గారిని వెంటబెట్టుకుని కొత్తపేట దగ్గర షెడ్డుకి వెళ్లాను. మెషీను మీద నంబరు రేకు బిల్లులో ఉన్నట్టే ఉంది. మెషీను పాతది, రేకు మరలు మాత్రం తళతళలాడుతున్నాయి. అక్కడున్న మెకానిక్ చేత విప్పించాం. కింద రంగు గీకితే ఇనుములోనే కొట్టిన నంబరు బయటపడింది. ఏడుకీ ఆరుకీ మధ్య ఐ. వేలితో తడిమి చూశాను.

వీర్రాజు గారు అక్కడే పీచు మోపు మీద కూలబడిపోయారు. "ఇంకాసేపైతే మా ఇల్లు ఆడి చేతిలో పెట్టేసేవోణ్ణండీ" అన్నారు. తర్వాత తేరుకుని, "అయినా మీకెలా తెలిసిందండీ?" అని అడిగారు. అనుమానం వచ్చిందండీ అన్నాను. ఆయన అప్పనపల్లి గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకొచ్చారు. కరుణ ఆదివారం చర్చిలో, ఇది దేవుడి పనేనని సాక్ష్యం చెప్పింది. ఇద్దరికీ వాళ్ల వాళ్ల జవాబులు దొరికాయి. నాకు రెండూ దొరకలేదు.

నేను చాలా వెతికాను. అద్దాల్లోంచి పక్క గది మాటలు వినిపిస్తాయేమోనని కరుణని అక్కడ నిలబెట్టి అరిపించాను, వినిపించలేదు. చెవుల డాక్టరుకి కూడా చూపించుకున్నాను, బాగానే ఉన్నాయన్నాడు. పోనీ నా చెవే పొరబడిందనుకుంటే, కరుణ చెవి కూడా అదే క్షణంలో ఎందుకు పొరబడుతుంది? ఆ అక్షరం ఉందని మా ఇద్దరిలో ఎవరికీ తెలియదే!

ఇంతలో పై ఆఫీసు నుంచి ఉత్తరం. బిల్లులో లేని నంబరుతో ఎందుకు వెతికారు, సంజాయిషీ ఇవ్వండి అని. ఒక కుటుంబం నిలబడితే అభినందించాల్సింది పోయి సంజాయిషీ! ఒళ్లు మండి నిజమే రాద్దామని కూర్చున్నాను. 'ఏడు తర్వాత ఒక పెద్దాయన ఆయ్ అన్నారు' అని రాసి, చదువుకుని, చింపేశాను. 'టైపింగ్ పొరపాటు' అని రాసి సంతకం పెట్టాను. ఇకముందు జాగ్రత్తగా ఉండమని మందలిస్తూ జవాబొచ్చింది.

ఆ కాగితం నా సర్వీసు ఫైల్లోనే ఉంది. అందులో ఉన్నది అబద్ధం. దాన్ని కొట్టేసి నిజం రాయమని ఈరోజు ఎవరైనా పెన్ను చేతికిచ్చినా, ఏం రాయాలో నాకు తెలియదు.