సముద్రం ముందు తిప్పన్న టెంకాయ

మా గుమ్మఘట్ట ఎర్రమట్టి గుప్పెట్లో పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. చిరుతపులిని గొడుగుతో తరిమిన నా సంగతి ఎవరూ నమ్మలేదు. దాన్ని మనసులో పెట్టుకోకుండా చదవండి.

తిప్పన్న మా పక్కింటాయన. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని చేలల్లో నడుస్తాడు. కింద నీళ్లుంటే కాయ తనంతట తనే లేచి నిలబడుతుంది, అక్కడ బోరు వేస్తారు. ఈ ఏడు ఆయన చూపించిన మూడు చోట్లా దుమ్ము తప్ప ఏమీ రాలేదు. వచ్చే సోమవారం వాళ్లక్క హనుమక్క తన వేరుశనగ చేనులో బోరు వేయించాలని, ఉన్న మేకల మందంతా అమ్మేయడానికి సిద్ధమైంది. ఆమె ధైర్యమంతా తమ్ముడి చెయ్యే. ఆ చెయ్యి మీద తమ్ముడికే నమ్మకం పోయింది.

"నీళ్లు కచ్చితంగా ఉండే తావుకు పోయి చూస్తానప్పా. ఆడ కూడా లేవకపోతే ఈ పని ఇడిసేస్తా" అన్నాడు.

అంత కచ్చితంగా నీళ్లుండే తావు మా చుట్టుపక్కల ఎంత ఆలోచించినా తట్టలేదు. అందుకని సముద్రానికి బయల్దేరాం.

శుక్రవారం ఉదయం ఆరున్నర బస్సుకు రాయదుర్గం. అక్కడ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బస్సు మారి గుంతకల్లు చేరేసరికి పన్నెండు దాటింది. తిప్పన్న తువ్వాలులో చుట్టిన టెంకాయను ఒళ్లో పెట్టుకున్నాడు. కోస్తాకు టెంకాయ మోసుకుపోయే మనిషిని ఇప్పుడే చూస్తున్నానని పక్క సీటాయన నవ్వాడు.

"ఆడి కాయలు పుట్టినకాడినుంచి నీళ్లలోనే ఉండాయన్నా. వాటికి నీళ్ల ఇలువ యాడ తెలుస్తాది? దప్పికైన కాయ కావాల" అన్నాడు తిప్పన్న.

నాలుగున్నరకు రైలు. మా ఎదుట కూర్చున్న మేడం సముద్రాన్ని చదివే ఉద్యోగం చేస్తారట. స్టేషన్లో కట్టించుకున్న చిత్రాన్నం తింటూ ఆమె చెప్పినవి, మీరూ ఎప్పుడైనా వెళ్తారేమోనని, మన లెక్కలో రాస్తున్నాను.

ఒడ్డు దగ్గర నేల ఆగిపోదు. నీళ్ల కింద, మన మెట్టచేను లాగా, మెల్లగా వాలుతూ చాలా దూరం పోతుంది. అది ఖండతీరపు అంచు. అక్కడినుంచి ఘాట్ రోడ్డు దిగినట్టు ఒక్కసారిగా కిందికి దిగేది ఖండతీరపు వాలు. దిగాక వచ్చేది సముద్రపు మైదానం. "బళ్లారి తట్టు నల్లరేగడి మాదిరి" అన్నాడు తిప్పన్న. మేడం కాదనలేదు.

ప్లవకాలంటే నీటి వాలుకు కొట్టుకుపోయే జీవులు, చాలావరకు కంటికి ఆననంత చిన్నవి. వాటిలో మొక్కల్లాంటివి సముద్రానికి గడ్డి. ఆ గడ్డి మీద మొదలుపెట్టి ఒకదాన్నొకటి తింటూ పెద్ద చేపల దాకా బతుకుతాయి.

"అంత మందను తోలేదెవరమ్మా?" అని తిప్పన్న అడిగాడు. ప్రవాహాలన్నారామె. గాలి తోసి, వేడి, ఉప్పు తేడాలు లాగి, సముద్రం లోపల నదుల్లా పారే నీళ్లు.

రోజుకు రెండుసార్లు మన కోస్తా సముద్రం ఉబ్బితే పోటు, తగ్గితే ఆటు. ఆ నీళ్లను లాగే పనిలో చంద్రుడు పెద్దకూలీ, సూర్యుడు చిన్నకూలీ. ఇక లవణీయత అంటే ఉప్పదనం: లీటరు నీళ్లలో రెండు పెద్ద చెంచాల ఉప్పు. ఉప్పునీళ్లు బరువు, మంచినీళ్లు తేలిక. ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి, ఒడ్డున పనికొస్తుంది.

శనివారం గుంటూరులో రైలు మారి, చీరాలలో దిగి, ఆటోలో తీరానికి చేరేసరికి పది. తిప్పన్న చెప్పులు విడిచాడు. తర్వాత టెంకాయను అరచేతిలో పడుకోబెట్టి అలల వైపు నడిచాడు.

కాయ లేచింది. లేవడమంటే అలా ఇలా కాదు. మూడు చుట్లు తిరిగి, మనిషిని మోకాలి లోతు దాకా ఈడ్చుకుపోయింది. పోటు మీదున్న సముద్రం జంకి నాలుగడుగులు వెనక్కి తగ్గింది. జాలర్లు వలలు వదిలేసి దండం పెట్టారు.

ఆ పక్కన వల బాగుచేసుకుంటున్న ఒకావిడ మా వాలకం చూసి, దాహంగా ఉందా అని అడిగింది. అలలకు దూరంగా, ఇసుక మెట్ట వెనక్కి తీసుకెళ్లి, మోచేయి లోతు తవ్వింది. నీళ్లు ఊరాయి. తాగితే తియ్యగా ఉన్నాయి.

తిప్పన్న దోసిలి దించలేదు. "మా హగరి ఏటి ఇసకలో చెలమ మాదిరే ఉండాదే. టెంకాయ లేకుండా ఎట్ల తెలిసెనమ్మా?"

"ఇందులో ఏముందండీ? గడ్డి పచ్చగా ఉన్నచోట తవ్వుతాం. వాన నీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతుంటాయి. ఆశపడి లోతుకు పోయారో, ఉప్పే" అందామె.

ఆదివారం తిరుగు రైలు. గుంతకల్లులో దిగగానే తిప్పన్న అక్కకు ఫోన్ చేశాడు. "అక్కా, బోరు వద్దు. మేకలు అమ్మొద్దు. నా చేతిలో ఏమీ లేదు." సముద్రం ఎట్లుండాదని అడిగింది హనుమక్క. "కాపరి కనపడని మంద మాదిరి ఉండాది" అన్నాడు. ముందు ఇంటికి రా, ఈ మందకు నీళ్లు పెట్టాల అందామె.

కాయ లేచింది కదా, బోరు ఎందుకొద్దన్నాడని మీరు అడుగుతారు. సరే, ఒప్పుకుంటాను. కాయ లేవలేదు. అన్ని నీళ్ల ఎదుట పసిబిడ్డలా నిద్రపోయింది. సముద్రం జంకలేదు, దండం ఎవరూ పెట్టలేదు. లేచిందని ఊళ్లో చెబుదామన్నది నేనే. "ఊరికి నీ ఇష్టం. అక్కకు మాత్రం నిజమే చెప్తా" అన్నాడాయన. నిన్న ఇది చదివి వినిపిస్తే, "అచ్చయితే జనాలు మళ్లా నన్ను పిలుచుకపోను ఇంటికాడికి వస్తారప్పా, కొట్టెయ్" అన్నాడు. అంత మంచి అబద్ధాన్ని కొట్టేయడానికి చెయ్యి రాలేదు. అందుకే ఈ నాలుగు మాటలు చేర్చాను.

ఆ కాయను ఒడ్డు మీదే పగలగొట్టి, ఆ వలల ఆవిడతో కలిసి ముగ్గురం పంచుకున్నాం. గుమ్మఘట్ట నుంచి మోసుకుపోయిన దప్పిక కాయ లోపల నిండా నీళ్లున్నాయి. ఇది మాత్రం నిజం.