డిక్కీ మీద చిటికెన వేలు

నా చిన్నప్పుడు మా నాన్న దగ్గర ఒక పాత అంబాసిడర్ కారు ఉండేది. పినపాక అవతల, అడవి అంచున మా ఊరు. నూటెనిమిది అంబులెన్సు బండ్లు అప్పటికింకా లేవు. పురుడొచ్చినా, పాము కరిచినా, పెళ్లికి పోవాలన్నా చుట్టుపక్కల గూడేలకు ఆ కారే దిక్కు. నాన్న దాన్ని కిరాయికి నడిపేవాడు. ముందు నలుగురు, వెనక ఆరుగురు ఎక్కినా కాదనేవాడు కాదు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది.

కారు వెనక చక్రాల దగ్గర, ఒక్కో పక్కన ఒక్కో గొట్టం ఉంటుంది. షాకప్సర్ అంటారు. ఒకదాంట్లోంచి నూనె కారిపోయి అది చచ్చింది. నాన్న దాన్ని విప్పేశాడు. విప్పినా కారు కుంగలేదు. ఎప్పటిలాగే నిలబడింది, ఎప్పటిలాగే నడిచింది. బరువంతా ఇరుసు మీది ఇనుప కమాను పట్టీలే మోస్తుంటే ఇక ఈ గొట్టానికి పనేముంది అనుకున్నాడు. తీసి డిక్కీలో పడేశాడు. రెండోది కారుతున్నా పట్టించుకోలేదు. జనం ఎక్కువ ఎక్కుతున్నారని కమానుకు ఇంకో పట్టీ మాత్రం వేయించాడు.

అప్పటి నుంచి ఆ కారు గుంటలో పడితే ఒకసారి ఎగిరి ఊరుకునేది కాదు. ఎగురుతూనే ఉండేది. వెనక కూర్చున్న అమ్మ, పేగులు నోట్లోకొస్తున్నాయని మొత్తుకునేది. నాన్న నవ్వి, "ఊయల అనుకోరాదే" అనేవాడు. ఆ మాటకు అమ్మకు కూడా నవ్వొచ్చేది. అప్పుడు అమ్మ కడుపుతో ఉంది.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున అమ్మకు నొప్పులొచ్చాయి. నాన్న అమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి, తల నా ఒళ్లో పెట్టాడు. అమ్మను గట్టిగా పట్టుకోమని నాకు చెప్పాడు. నాకు తొమ్మిదేళ్లు ఉంటాయేమో. భద్రాచలం దవాఖానాకు బయలుదేరినప్పటి నుంచి అమ్మ భుజాలు పట్టుకునే ఉన్నాను. కానీ అశ్వాపురం దాటాక ఒక పెద్ద గుంట వచ్చింది. కారు ఎగిరింది, మళ్లీ ఎగిరింది, నా చేతులు జారిపోయాయి. అమ్మ సీటు మీద నుంచి సగం కిందికి జరిగి ముందు సీటుకు తగిలింది.  నా ముఖంలోకి చూసింది అంతే.

దవాఖానాలో అమ్మ బతికింది. తమ్ముడు బతకలేదు. లోపలే పోయాడన్నారు. ఎందుకని నేను ఎవరినీ అడగలేదు. నాకు తెలుసనుకున్నాను. ఆ చేతులతో అన్నం తినాలన్నా నాకు అదోలా ఉండేది. అది ఎవరికీ చెప్పలేదు.

అమ్మను ఇంటికి పంపే రోజు వచ్చింది. కుట్లు పచ్చిగా ఉన్నాయి, కుదుపులు తగలకుండా తీసుకుపొమ్మని డాక్టరమ్మ చెప్పిందట. నాన్న నన్నూ, అమ్మ బట్టలనూ తీసుకుని ఊరి నుంచి బయలుదేరి, దారిలో మణుగూరులో ఒక షెడ్డు ముందు కారు ఆపాడు. అక్కడ ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు. నాన్న ఆయన్ను చాచా అనేవాడు, నేను తాత అనేదాన్ని. ఆయన గడ్డానికి గోరింటాకు రంగు ఉండేది.

నాన్న సంగతంతా చెబితే తాత కారు కిందికి వంగి చూశాడు. ఒక పక్కన గొట్టం లేదు. నాన్న వైపు చూశాడు.

"అది లేకున్నా కారు నడుస్తది గద చాచా" అన్నాడు నాన్న మెల్లగా.

"నడుస్తది. నిమ్మళించుడే రాదు" అన్నాడు తాత. "కమాను బరువు మోస్తది. ఇది ఏం మోయదు. కారు ఎగిరినప్పుడు, ఇగ చాలు అంటది. గంతే దీని పని."

నాన్న తల దించుకున్నాడు. ఉన్నదాన్ని ఉండనిచ్చి ఒక్కటే కొత్తది వేయమని అడిగితే తాత ఒప్పుకోలేదు. ఇవి జతగానే మార్చాలన్నాడు. తర్వాత నన్ను పిలిచి, వెనక సీట్లో నువ్వు ఎక్కడ కూర్చుంటావు, అమ్మ తల ఎటు పెడతావు అని అడిగాడు.  ఎవరికీ చెప్పని మాట అప్పుడు నోట్లోంచి వచ్చింది.

"నేను పట్టుకోను తాతా. నా చేతులు జారుతయి. తమ్ముడు గట్లనే పోయిండు."

నాన్న నా వైపు చూశాడు కానీ దగ్గరికి రాలేకపోయాడు. తాత రాలేదు, నా తల నిమరలేదు, ఏడవొద్దని కూడా అనలేదు. కారు వెనక్కి రమ్మన్నాడు. డిక్కీ మీద రెండు చేతులూ వేసి కిందికి నొక్కి వదిలాడు. ఇప్పుడు ఆపు చూద్దాం అన్నాడు. నేను మీద పడి పట్టుకున్నాను. కారు నన్ను కూడా కలుపుకుని ఊగింది. మళ్లీ నొక్కి, ఈసారి తనూ పట్టుకున్నాడు. ఇద్దరం పట్టుకున్నా ఊగుతూనే ఉంది.

పని మొదలైంది. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక భాగాన్ని జాకీతో ఎత్తారు. ఉన్న గొట్టం కింది నట్టు తుప్పు పట్టి కదలకపోతే కిరసనాయిలు పోసి నాననిచ్చారు. అది నానేలోపు తాత ఒక కొత్త గొట్టాన్ని నిలబెట్టి నన్ను నొక్కమన్నాడు. నా బలమంతా పెడితే మెల్లగా దిగింది, మెల్లగా లేచింది. డిక్కీలో పడున్న పాతదాన్ని తీసి నొక్కమంటే ఒక్క వేలుకే జర్రున దిగిపోయింది. నాన్న వేయించిన అదనపు పట్టీని కూడా, అది కారును ఇంకా ఎగరేస్తుందని తాత పీకేశాడు. రెండు పక్కలా కొత్తవి ఎక్కించాడు కానీ నట్లు పూర్తిగా బిగించలేదు. కారు కిందికి దిగి, దాని బరువు మీద అది నిలబడ్డాకే చివరి బిగింపు బిగించాడు.

అప్పుడు మళ్లీ డిక్కీ నొక్కాడు. ఈసారి చిటికెన వేలు పెట్టమన్నాడు. వదిలాడు. కారు ఒక్కసారి లేచి, నా వేలు కింద ఆగిపోయింది.

"చూసినవా. ఇద్దరం పట్టుకుంటె ఆగనిది, ఇప్పుడు నీ చిటికెన వేలు కింద ఆగింది" అన్నాడు తాత. "పిలగాడు ఎందుకు పోయిండో అల్లాకే ఎరుక బిడ్డా. నీ చేతులు జారినందుకైతే కాదు."

నేను కారు వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాను.

తిరుగు ప్రయాణంలో అమ్మ తల నా ఒళ్లో ఉంది. అశ్వాపురం ఇంకా రాకముందే అదే గుంట వచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. కారు దిగింది, లేచింది, ఆగింది. అమ్మ కళ్లు తెరిచి, ముందున్న నాన్నను అడిగింది.

"గింత నిమ్మళంగ పోతదా ఈ కారు?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. నాన్న కారు పక్కకు ఆపి, దిగి, అడవి వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత వచ్చి నడిపాడు.  ఇక బతికున్నన్ని రోజులూ, పొద్దున కారు తీసే ముందు డిక్కీ నొక్కి చూసేవాడు. ఊయల అన్న మాట మళ్లీ మా ఇంట్లో వినలేదు.

నా పెనిమిటి లారీ మీద పనిచేసేవాడు. కాలు పోయింది. మూడేళ్లు మంచం మీదే ఉన్నాడు. నేనే మిరపతోటల్లో కూలికి పోయి ఇల్లు నడిపాను. సాయంత్రం వచ్చి పిల్లల మీద, గిన్నెల మీద, దేవుడి మీద అరిచేదాన్ని. ఆయన మంచం మీది నుంచి, "ముందుగాల నీళ్లు తాగు" అనేవాడు. ఇంకేమీ అనేవాడు కాదు. నీళ్లు తాగేదాన్ని. తాగాక ఏమి అరవాలో గుర్తుండేది కాదు.

ఆయన పోయినప్పుడు చుట్టాలు, పోనీలే, నీకు బరువు తగ్గింది అన్నారు. నా మేలు కోరే అన్నారు. నేను కాదనలేదు. నిజంగానే తగ్గింది. కారు కూడా గొట్టం విప్పిన రోజున కుంగలేదు కదా. నేనూ నిలబడ్డాను, నడుస్తున్నాను. కానీ చిన్న గుంట తగిలినా ఒక పూటంతా ఊగుతూనే ఉంటాను.

ఇప్పుడు ఎవరింట్లో చావు జరిగినా పోతాను. వాళ్ల బరువు నేను మోయలేను, మోస్తానని కూడా అనను. ఏడ్చే మనిషి వెనక కూర్చుని వీపు మీద చెయ్యి వేస్తాను. ఆ ఊగడం నా అరచేతికి తెలుస్తుంది. అది నిమ్మళించేదాకా చెయ్యి తీయను.