బావ పెట్టించిన డీజిల్ ఇంజను

మా బావ జీపుకి ఇంజను మార్పించినప్పుడు నేను ఊళ్ళో లేను. ఆఫీసువాళ్ళు ట్రెయినింగ్ కోసమని హైదరాబాదు పంపారు. తిరిగొచ్చి ఢిల్లీ నిజాముద్దీన్‌లో రైలు దిగి, బస్సు పట్టుకుని ఫరీదాబాద్ చేరి, గేటు తీస్తూనే బానెట్ మీద పెద్ద కంత చూశాను. గ్యాస్ కట్టర్‌తో కోశారు. అంచులు నల్లగా కాలి వంకరలు తిరిగాయి. అందులోంచి ఏదో కొత్త ఇంజను తల పైకి పొడుచుకొచ్చింది.

"ఏంటిది బావా?" అన్నాను, చేతిలో సంచి కింద పెట్టకుండానే.

బావ వరండాలో కూర్చుని టీ తాగుతున్నాడు. "డీజిల్. పాతది మాయాపురిలో ఇచ్చేశా, తుక్కు కింద."

ఆ తుక్కు కోసం నేను ఒక చలికాలం మొత్తం ధారపోశాను. పెట్రోలు ఇంజను అది. సైన్యంవాళ్ళు వేలంలో అమ్మేసిన జీపు. ఇద్దరం చెరిసగం వేసుకుని కొన్నాం. మొదట్లో అది నడవలేదు, లారీకి తాడు కట్టి లాక్కొచ్చాం. ఆదివారం చర్చి నుంచి రాగానే పాత బట్టలు వేసుకుని దాని ముందు చేరేవాణ్ణి. వాల్వులు ఊడదీసి, పేస్టు రాసి, కర్రముక్కతో అరచేతుల మధ్య తిప్పుతూ ఒక్కోదాన్నీ నునుపు చేశాను. కార్బొరేటర్ కిరసనాయిల్లో నానబెట్టి, సన్న తీగతో కన్నాలు పొడిచాను. చలికి వేళ్ళు పగిలి ఆఫీసులో ఫైళ్ళ మీద నెత్తుటి మరకలయ్యేవి. అది మొదటిసారి అందుకుని, దగ్గి, నిలకడగా తిరిగిన రోజున మా అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చప్పట్లు కొట్టింది. బావ మాత్రం "పెట్రోలు మింగేస్తుంది" అన్నాడు. ఆ రోజే నాకు తెలియాల్సింది.

అక్క నర్సు. ఢిల్లీలో ఆస్పత్రి ఉద్యోగం. బావ ఫరీదాబాద్‌లోనే ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ సూపర్‌వైజరు. నాకు ఉద్యోగమొచ్చి కాకినాడ నుంచి వచ్చినప్పుడు మేడ మీద గది నాకిచ్చారు. వాళ్ళింట్లో తిని, వాళ్ళ బకెట్లో స్నానం చేసినవాణ్ణి. ఆ మాట బావ ఆవేళ గుర్తుచేశాడు.

"నన్నడగాలి కదా? సగం నాది."

"ఏ సగం? కుడివైపా, ఎడమవైపా?" అని నవ్వాడు. "నా ఇంట్లో ఉంది, నా వాకిట్లో ఉంది. నీకేం కావాలి, కొండలెక్కి తిరగడమేగా. నాకు రోజూ నడిచే బండి కావాలి. మీ అక్క బస్సుల్లో పడి చస్తోంది, కనపడదా?"

అక్కని అడ్డం పెట్టుకోవడం నాకు మంట పుట్టించింది. చేతిలో సంచి విసిరికొట్టాను. అది అతని మీద పడలేదు, టీ కప్పు మీద పడింది. బావ లేచి నా చొక్కా పట్టుకున్నాడు. అక్క మధ్యలోకి వచ్చి ఇద్దర్నీ చెరోవైపు తోసింది. గోడ మీంచి పక్కింటి సర్దార్జీ "అరే భాయ్, అరే భాయ్" అంటున్నాడు.

ఆ రోజు నుంచి బావకీ నాకూ మాటల్లేవు. అప్పటిదాకా అతన్ని "నువ్వు" అనేవాణ్ణి, అతను నన్ను "ఒరే" అనేవాడు. తప్పనిసరై ఏదైనా అనాల్సొస్తే "మీరు" అనుకోవడం మొదలుపెట్టాం. "మీరు గేటు వేస్తారా?" "మీరే వెయ్యండి." బూతులు తిట్టుకున్నా అంత దూరం వచ్చేది కాదు.

కొత్త ఇంజను పాతదానికంటే చాలా బరువు. ముందువైపు బరువు మోసే కమాన్ కట్టలు కుంగిపోయి జీపు ముక్కు నేలకేసి వాలింది. స్టార్టు చేస్తే వంటింట్లో గిన్నెలు మోగేవి. అవన్నీ అతని ఖర్మ అనుకున్నాను. కానీ ఒక సాయంత్రం బంతి తీసుకోడానికి దాని కింద వంగిన వీధి పిల్లలకి సాయం చేస్తూ ఒకటి చూశాను. కొత్త ఇంజను పొగగొట్టాన్ని తీసుకొచ్చి, నేను వేసిన బ్రేకు గొట్టాన్ని ఆనుకునేలా వెల్డింగ్ చేయించాడు. బ్రేకు ఆయిలు వేడెక్కితే మరుగుతుంది. మరిగితే గొట్టంలో ఆవిరి నిండుతుంది. అప్పుడు పెడలు ఎంత తొక్కినా పట్టదు.

అన్నం తినేటప్పుడు అక్కతో చెప్పాను. బావ ఎదురుగానే ఉన్నాడు. "అక్కా, పొగగొట్టం బ్రేకు గొట్టానికి తగులుతోందని చెప్పు."

అక్క అతనివైపు తిరిగింది. "విన్నారుగా?"

"ఇరవై అడుగుల మిషన్లు నడిపిస్తా నేను. నాకు చెప్పొద్దని చెప్పు మీ తమ్ముడికి."

"బ్రేకులు పోతాయని చెప్పు."

"ఆ బ్రేకులు బిగించింది మీవాడేగా? పోతే ఎవరిది తప్పు?"

అక్క కంచం పక్కకి నెట్టి లేచిపోయింది. మేమిద్దరం తలొంచుకుని తింటూనే ఉన్నాం.

ఎండలు ముదిరాక అయింది అది. అక్కకి మధ్యాహ్నం డ్యూటీ. బావ దింపుతానన్నాడు. బదర్‌పూర్ బోర్డర్ దగ్గర లారీలు ఆగిపోయి, గంటసేపు అంగుళం అంగుళం కదిలారట. చివరికి దారి దొరికి వేగం అందుకున్నాక, ముందు టెంపో ఆగింది. బావ తొక్కిన పెడలు నేలకి తగిలింది. స్టీరింగ్ తిప్పేసి రోడ్డు పక్కన ఇటుకల కుప్పకి గుద్దాడు. అతనికేం కాలేదు. ముందు రాడ్ పట్టుకుని కూర్చున్న అక్కకి కుడి మణికట్టు విరిగింది. తను పనిచేసే ఆస్పత్రికే పేషెంటుగా వెళ్ళింది.

నేను ఆఫీసు నుంచి పరుగెత్తుకెళ్ళేసరికి కట్టు వేస్తున్నారు. కారిడార్లో బావ నిలబడి, చర్చి నుంచి వచ్చిన ఆంటీలతో చెబుతున్నాడు: "బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయండీ. బండి పక్కకి లాగించాక మళ్ళీ తొక్కి చూశా, రాయిలా ఉంది పెడలు. ఈవిడే భయపడి నా చెయ్యి లాగేసింది."

లోపల అక్క ఆ మాట వింది. ఏడవలేదు. గోడకేసి చూస్తూ "నేను లాగలేదు" అంది. మళ్ళీ అంది. ఎవరూ పట్టించుకోలేదు. నొప్పికేదో అంటోందనుకున్నట్టున్నారు. నాకు ఆ క్షణంలో బావని చంపెయ్యాలనిపించింది. ఇంజను గురించి కాదు.

ఇంటికొచ్చిన రెండో రోజున అక్క నన్ను కిందికి పిలిచింది. చెయ్యి మెడలో వేలాడుతోంది. "పెడలు రాయిలా ఎందుకుంది?" అని అడిగింది.

"చల్లారితే ఆవిరి మళ్ళీ ఆయిలవుతుంది. అందుకని."

"చూపించు."

మిట్టమధ్యాహ్నం. జీపు వాకిట్లోనే ఉంది, ముందు బంపరు వంగి. నేను స్టార్టు చేసి, యాక్సిలరేటరు మీద ఇటుక పెట్టి వదిలేశాను. పొగ ఇల్లంతా కమ్మింది. సర్దార్జీ, ఆయన భార్య గోడ దగ్గరకొచ్చారు. బావ బనీనుతో బయటికొచ్చి "ఏం చేస్తున్నారు మీరు?" అని అరిచాడు. అక్క అడ్డంగా నిలబడింది. పొగగొట్టం కాలి కాలి, దాని పక్కన గాలి వణికిపోయేదాకా అక్కడే నిలబడింది.

అప్పుడు బావతో అంది: "ఎక్కండి. తొక్కండి."

"నీకు మతి పోయిందా?"

"తొక్కండి."

బావ ఎక్కి కూర్చుని తొక్కాడు. పెడలు చప్పుడు లేకుండా కిందికంటా దిగిపోయింది. మళ్ళీ తొక్కాడు. అలాగే దిగింది. ఇంజను ఆపి, దిగి, "అయితే ఏంటి?" అనేసి లోపలికెళ్ళాడు. క్షమించమన్న మాట అతని నోట్లోంచి రాలేదు. ఇంతవరకూ రాలేదు.

నాకు గెలిచినట్టే ఉంది. ముఖంలో తెలిసిపోయి ఉంటుంది. అక్క నావైపు తిరిగింది.

"సంతోషమేగా?"

"నేను ముందే చెప్పానక్కా."

"నాకు చెప్పావు. ఆయనకి వినపడాలని నాకు చెప్పావు. నువ్వెక్కవద్దు అక్కా అని ఒక్కసారన్నా అన్నావా?" గొంతు పెంచలేదు. "నా చేత్తో మీ ఇద్దరికీ వండలేను. గది చూసుకో."

నేనేం తప్పు చేశానని ఆ రోజు వాదించాను. ఇప్పటికీ వాదిస్తాను. పొగగొట్టం అలా తిప్పింది నేను కాదు. కానీ అక్క వినలేదు. నెల తిరక్కుండా కరోల్ బాగ్‌లో గది చూసుకున్నాను.

సామాను కట్టుకుంటున్నప్పుడు బావ జీపు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. వంగి చూశాను. పొగగొట్టం కోయించి అవతలివైపు నుంచి తిప్పాడు, అచ్చం నేను చెప్పినట్టే. నేను పానాలు డబ్బాలో వేసుకుంటున్న చప్పుడు విని, కింద నుంచే అన్నాడు: "ఆ పెద్ద పానా నాది."

"కశ్మీరీ గేటులో నేను కొన్నాను."

"నాదండీ అది."

దాన్ని నేలకేసి కొట్టి వచ్చేశాను.

అక్క చెయ్యి అతుక్కుంది గానీ పూర్తిగా తిరగదు. సెలైను సీసా మూత విప్పడానికి ఎడం చెయ్యి వాడేది. ఆ జీపు మళ్ళీ ఎక్కలేదు. బావ బతిమాలితే బస్సు పాసు తీసి చూపించేదట. నన్ను చూడ్డానికి తను బస్సులోనే వచ్చేది, పచ్చడి సీసా పట్టుకుని. వచ్చినప్పుడల్లా జీపు సంగతి తప్ప అన్నీ మాట్లాడేది.

మరుసటేడు ఒక ఆదివారం అశోకా రోడ్డులో మనవాళ్ళ క్యాంటీన్లో భోజనం చేసి బయటికొస్తుంటే వెనక నుంచి ఆ ఇంజను మోత వినిపించింది. పక్కకి జరిగాను. బావ నా పక్కనే ఆపాడు. జుట్టు బాగా నెరిసింది. ముందు కట్టలకి అదనంగా పట్టీలు వేయించినట్టున్నాడు, జీపు తిన్నగా నిలబడింది. బానెట్ కంతకి చక్కగా రేకు మూత చేయించాడు. అది మంచి పని. ఒప్పుకోక తప్పదు.

"ఎక్కండి, దింపుతాను," అన్నాడు రోడ్డువైపే చూస్తూ.

"అక్కర్లేదండి."

అతను ఒక్క క్షణం ఆగి ఉంటే నేను ఇంకోమాట అనేవాణ్ణేమో. ఆగలేదు. గేరు వేసి, క్లచ్చి వదిలి, నా తెల్ల చొక్కా మీదికి నల్లటి పొగ వదిలి వెళ్ళిపోయాడు.